వాస్తవ చిత్రం - ఎవరి చూపు?

కల్పన లేకుండా నిజమైన మనుషులను, నిజంగా జరిగిన సంగతులను చూపేదే వాస్తవ చిత్రం. సినిమాలో నటుడు ఏడిస్తే అది నటన అని మనకు తెలుసు. వాస్తవ చిత్రంలో రైతు ఏడిస్తే అది నిజమని నమ్ముతాము. ఆ నమ్మకమే దాని బలం, దాని ప్రమాదమూ అదే.

ఈ ప్రక్రియ బ్రిటన్‌లో బాగా పెరిగింది. మాంచెస్టరులోని గ్రానడా టెలివిజన్ సంస్థ ‘వరల్డ్ ఇన్ యాక్షన్’ అనే కార్యక్రమాన్ని 1963 నుంచి 1998 వరకు నడిపింది. బర్మింగ్‌హామ్ పేలుళ్ల కేసులో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఆరుగురి నేరం నిజమేనా అని 1985లో అది ప్రశ్నించింది. 1991లో న్యాయస్థానం ఆ ఆరుగురినీ విడుదల చేసింది.

మన తెలుగు పల్లెలకు టెలివిజన్ ఆకాశమార్గాన వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఊరందరికీ ఒకే సెట్టు. దానికి మూడు మీటర్ల వెడల్పు గల గిన్నెవంటి యాంటెనా. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు సేద్యం, ఆరోగ్యం వంటి విషయాలు. ప్రయత్నం గొప్పదే. కాని మాట పైనుంచి కిందికే వచ్చింది. పల్లె విన్నదే గాని, తన మాట అదే తెరమీద వినిపించడానికి దారి లేకపోయింది.

ఆ ప్రయోగంలో పనిచేసినవారిలో పి.వి. సతీష్ ఒకరు. తరువాత ఆయన జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించినవారిలో ఒకరై, 2023లో కన్నుమూసేవరకు దానితోనే ఉన్నారు. అక్కడ చదువురాని దళిత మహిళలు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. మనదేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన పిమ్మట, ఓరుగల్లు రైతుల అనుభవాన్ని మూడేళ్లపాటు వెంబడించి చిత్రించారు.

వారు పెట్టుకొన్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి చూసే దృశ్యం ‘పటేలు షాట్’. ఎదుటివారి కళ్లకు సమానమైన ఎత్తులో తీసేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాపమీద సమానంగా కూర్చుంటారు గదా! చూపు ఎత్తులోనే అధికారం దాగి ఉన్నదని ఏ పాఠ్యగ్రంథమూ ఇంత తేటగా చెప్పలేదని మా అభిప్రాయం.

మా విద్యార్థులు కొందరు మడకశిర దాపున వాన లేక ఎండిన వేరుశనగ చేనును సెల్‌ఫోనులో చిత్రించి తెచ్చారు. చేను కనిపించింది, రైతు మాట వినిపించలేదు. ఎక్కడ నిలబడి తీశారని అడిగితే, గట్టుమీద అన్నారు. మేము వారిని తప్పుపట్టలేదు, మళ్లీ పంపాము. రెండవసారి రైతు పక్కనే కూర్చుని తీశారు. విత్తనాల అప్పు సంగతి అప్పుడు బయటపడింది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి: ఏటా ఒక సాయంత్రం విద్యార్థులు తీసిన వాస్తవ చిత్రాలకు కేటాయించండి. చిత్రంలో కనిపించినవారిని కూడా పిలిచి ముందువరుసలో కూర్చోబెట్టండి.

విద్యార్థులారా! ఉర్దూలో ఖబర్ అంటే వార్త. ఆ ఖబర్ గలవాడే ఖబర్దార్. మన తెలుగువాళ్లు ఆ మాటను బెదిరించడానికి మాత్రమే వాడుకొంటున్నారు. దాని అసలు అర్థం మీవల్ల నిలబడాలి. గట్టు దిగండి.