ఎదుటివాడు లేని పేకాట

"పేకాటకి క్లబ్‌హౌస్ ఇవ్వం బాబూ." మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంకుల్ పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"పేకాట కాదంకుల్, కార్డ్ గేమ్."

"రెండూ ఒకటే కదా!"

ఆయన్ని తప్పు పట్టలేం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. సంక్రాంతి వచ్చిందంటే కోడిపందేల పక్కనే పేకాట శిబిరాలు వెలుస్తాయి. మా తాతయ్య అలాంటి చోటే అరెకరం పోగొట్టారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే మా అమ్మ పేకముక్కని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఆ ఇంట్లో పుట్టి, బీటెక్ చదివి, ఆరేళ్లుగా హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్న నేను, ఆదివారం పూట 24 మందిని కూచోబెట్టి ముక్కలు పంచుతానంటే ఎవరికైనా అనుమానం రాదూ?

చివరికి ఒక కాగితం రాసిచ్చా. ఎంట్రీ ఫీజు లేదు, పందెం లేదు, గెలిచిన టేబుల్‌కి ఒక ఉస్మానియా బిస్కెట్ల డబ్బా. అంకుల్ రెండుసార్లు చదివి, "ఎవరు ఎవరి మీద గెలుస్తారు మరి?" అని అడిగారు.

"ఎవరూ ఎవరి మీదా గెలవరంకుల్. అందరూ ఒకే జట్టు."

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. ఆ చూపులో హాల్ దొరికిందని అర్థమైంది.

అందరిదీ ఒకే జట్టు

ఆట పేరు హనాబి. జపనీస్‌లో బాణసంచా అని అర్థం. తయారుచేసింది మాత్రం ఫ్రాన్స్‌కి చెందిన ఆంట్వాన్ బౌజా, 2010లో. 2013లో జర్మనీ వాళ్లిచ్చే 'స్పీల్ దెస్ యారెస్' అవార్డు దీనికే వచ్చింది. బోర్డ్ గేమ్స్ లోకంలో అది ఆస్కార్ లాంటిది.

ఆట తిరకాసంతా ఒక్కచోటే ఉంది. మీ ముక్కల్ని మీరు చూడకూడదు. వెనకవైపు మీకు, ముందువైపు మిగతావాళ్లకి కనపడేలా పట్టుకోవాలి. మీ చేతిలో ఏముందో మీకు తప్ప అందరికీ తెలుసు.

మొత్తం 50 ముక్కలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు అని ఐదు రంగులు. ఒక్కో రంగులో ఒకట్లు మూడు, రెండు, మూడు, నాలుగు అంకెలవి రెండేసి, ఐదు మాత్రం ఒక్కటే. అందరూ కలిసి ప్రతి రంగునీ 1 నుంచి 5 దాకా వరసగా పేర్చాలి. అన్నీ పేరిస్తే 25 పాయింట్లు. అంతకు మించి లేదు.

మీ వంతు వచ్చినప్పుడు మూడింట్లో ఒకటి చెయ్యచ్చు. ముక్క ఆడచ్చు, ముక్క పారేయచ్చు, లేదా పక్కవాళ్లకి క్లూ ఇవ్వచ్చు. క్లూ అంటే "నీ దగ్గర ఎర్రవి ఇవి", "మూళ్లు ఇవి" అని ఒక రంగో, ఒక అంకెో చెప్పి, అలాంటివి ఎన్ని ఉంటే అన్నీ చూపించడం. అంతే, ఇంకొక్క మాట కూడా ఉండకూడదు. క్లూ ఇచ్చిన ప్రతిసారీ ఒక టోకెన్ ఖర్చు. మొత్తం టోకెన్లు ఎనిమిదే. ముక్క పారేస్తే ఒకటి తిరిగొస్తుంది. తప్పు ముక్క ఆడితే ఒక ఫ్యూజ్ పోతుంది, మూడో తప్పుతో ఆట పేలిపోతుంది.

2019లో గూగుల్ బ్రెయిన్, డీప్‌మైండ్ పరిశోధకులు కలిసి హనాబిని ఏఐకి కొత్త సవాలుగా ప్రతిపాదిస్తూ పేపర్ రాశారు. చెస్‌లో బోర్డు మొత్తం కళ్లముందే ఉంటుంది. ఇక్కడలా కాదు, పక్కవాడు ఏం ఆలోచించి ఆ క్లూ ఇచ్చాడో కూడా ఊహించాలి. మా ఆఫీసు మీటింగుల్లో ఎప్పుడూ జరగనిది ఇదే!

300 ముక్కలు, ఒక అమ్మ

నలుగురు స్నేహితులు ఇంట్లో ఆడుకుంటే సమస్య లేదు. ఆరు టేబుళ్లు ఆడి, స్కోర్లు పోల్చాలంటే ఉంది. ఒక టేబుల్‌కి ఒకట్లన్నీ మొదట్లోనే వచ్చి, ఇంకో టేబుల్‌కి కుప్ప అడుగున ఉంటే అది పోటీ అవదు, లాటరీ అవుతుంది.

దీనికి బ్రిడ్జ్ వాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. డూప్లికేట్ పద్ధతి. అన్ని టేబుళ్లకీ ఒకే ముక్కలు, ఒకే వరస. మేమూ అదే పట్టుకున్నాం. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. అది 50 ముక్కల్ని కలిపి వరసని ప్రింట్ తీస్తుంది. ఆ వరసలో ఆరు పెట్టెల ముక్కల్నీ సర్దాలి. ఒకటో సీటుకి మొదటి నాలుగు, రెండో సీటుకి తర్వాతి నాలుగు, అలా పంచితే 16 పోయి, కుప్పలో 34 మిగులుతాయి. ఇక ఎవరు ఎలా ఆడినా తర్వాత వచ్చే ముక్క ఏ టేబుల్‌కైనా అదే.

చిక్కేంటంటే, సర్దినవాళ్లకి వరస తెలిసిపోతుంది. వాళ్లు ఆడకూడదు. నాకేమో ఆడాలనుంది. ఆట మీద బొత్తిగా ఆసక్తి లేని, నమ్మకమైన మనిషి కావాలి.

"అమ్మా, చిన్న సాయం..."

ముక్క ఇంట్లోకి రానివ్వని అమ్మ, శనివారం రాత్రి సీరియల్ చూస్తూ 300 ముక్కలు సర్దింది. ప్రింట్ తీసిన కాగితం నాకు కనపడకుండా కొంగు కింద పెట్టుకుంది కూడా. రెండో రౌండ్ కోసం ఆదివారం భోజనాల టైమ్‌లో ఇంకో 300. అప్పటికి సెక్రటరీ అంకుల్ కూడా పక్కన కుర్చీ వేసుకుని, "తెలుపు మూడు... ఆఁ ఉంది. నీలం ఒకటి... ఉంది" అని టిక్కులు పెడుతున్నారు.

చెయ్యెత్తిన కుర్రాడు

ఈవెంట్ పెట్టేముందు రూల్‌బుక్‌ని వాక్యం వాక్యం చదివా. ఇంట్లో ఆడేటప్పుడు ఎలా పడితే అలా వదిలేసిన విషయాలు పోటీలో గొడవలవుతాయి. చేతిలో ఒక్క నీలం కూడా లేనివాళ్లకి "నీ దగ్గర నీలాలు సున్నా" అని క్లూ ఇవ్వచ్చా? మేం కుదరదన్నాం. కుప్పలో చివరి ముక్క తీశాక ఇంకెన్ని వంతులు? తలా ఒకటి, ఆ ముక్క తీసినవాళ్లతో సహా. ఇవన్నీ ఒక పేజీలో రాసి టేబుల్‌కొకటి పెట్టాం.

అసలు తలనొప్పి నాలుగో రూలు. మాటతో క్లూ ఇవ్వకూడదు, సరే. మొహంతో ఇస్తే? గొంతు మారితే? పక్కవాడు తప్పు ముక్క మీద వేలు పెట్టగానే మీ కళ్లు పెద్దవైతే?

బ్రిడ్జ్‌లో దీనికి పెద్ద చట్టమే ఉంది. జోడీ తటపటాయించడం చూసి లాభపడటం కూడా తప్పే. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో ఇటలీ జంట ఒకటి కాళ్లతో సైగలు చేసుకుంటోందని ఆరోపణ వస్తే, కాళ్లు తగలకుండా టేబుళ్ల కింద అడ్డం పెట్టారు. కానీ బ్రిడ్జ్‌లో ఎదుటి జట్టు ఉంటుంది. వాళ్లే డేగకళ్లతో చూస్తారు, వాళ్లే డైరెక్టర్ని పిలుస్తారు.

హనాబిలో ఎదుటి జట్టు లేదు. టేబుల్ చుట్టూ ఉన్న నలుగురికీ పాయింట్లే కావాలి. ఒకడు తప్పు చేస్తే నలుగురికీ లాభం. ఇక పట్టుకునేదెవరు?

అందుకే ఇలా రాశా: "మాటలో గానీ, మొహంలో గానీ సమాచారం బయటపడితే ఆ టేబుల్ వాళ్లే చెయ్యెత్తి చెప్పాలి. ఆ రౌండ్ స్కోరు సున్నా." కఠినంగా ఉంటే జాగ్రత్తగా ఉంటారని నా లెక్క.

మొదటి రౌండ్ సగంలో ఒక చెయ్యి లేచింది. తండ్రీకొడుకులు ఆడుతున్న టేబుల్. కుర్రాడికి 14 ఏళ్లుంటాయి. వాడు ముక్క ఆడబోతుంటే వాళ్ల నాన్న అలవాటుగా "ఆగరా" అన్నారట. ఆయన నవ్వేసి ఊరుకోబోయారు. ఈ లోపు కొడుకే చెయ్యెత్తేశాడు.

వాళ్ల షీట్‌లో నా పెన్నుతోనే సున్నా వేశా. కుర్రాడి మొహం ఇంతయింది. "రూల్ కదా" అన్నా, పెద్ద న్యాయమూర్తిలా.

నా ఊపిరి

మా టేబుల్ మొదటి రౌండ్ 20. ముందున్న టేబుల్ 21. రెండో రౌండ్ మాకు అద్భుతంగా నడిచింది. నాకు ఎదురుగా మా ఆఫీసు టెస్టింగ్ టీమ్ అమ్మాయి. తను నాకంటే బాగా ఆడుతుంది.

ఒక దశలో టోకెన్లు అయిపోయాయి. చివరిది ఖర్చుపెట్టింది నేనే, అదీ అంత అవసరం లేని క్లూకి. తర్వాతి వంతు తనది. టోకెన్ లేదు కాబట్టి క్లూ ఇవ్వలేదు, ఆడదగ్గ ముక్కేదీ తెలీదు. ఇక ఏదో ఒకటి పారేయాలి. క్లూ రాని ముక్కల్లో పాతదాన్ని పారేయడం మా అందరి పద్ధతి. తను ఆ పాత ముక్క మీదే వేలు పెట్టింది.

అది తెలుపు ఐదు. మొత్తం పెట్టెలో ఒక్కటే ఉండే ముక్క.

"స్..." అని ఊపిరి లోపలికి పీల్చుకున్నా. కావాలని కాదు. ఫోన్ చేతిలోంచి జారితే ఎలా పీలుస్తామో అలా.

తన వేలు ఆగింది. ఒక క్షణం. తర్వాత పక్క ముక్క తీసి పారేసింది. అది ఎరుపు ఒకటి, ఎందుకూ పనికిరానిది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆట సాగిపోయింది. ఆఖర్లో ఆ తెలుపు ఐదు కూడా పడి మాకు 24 వచ్చింది. ముందున్న టేబుల్‌కి 22. మొత్తం మాది 44, వాళ్లది 43. చప్పట్లు, సెల్ఫీలు.

స్కోర్ షీట్ మీద నేను సంతకం పెట్టాలి. పెన్ను తీశా. నా మనసులో ఎన్ని వాదనలు నడిచాయో చెప్పలేను. ఊపిరి పీల్చడం సమాచారమా? తనకి నిజంగా వినపడిందా? ఒక్క పాయింటేగా? ఇంకెవరికీ తెలీదు కదా? దాదాపు పది నిమిషాలు అలాగే ఉన్నా. ఆ పది నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. 14 ఏళ్ల కుర్రాడికి పది సెకన్లు కూడా పట్టలేదు.

ఆ కుర్రాడు అప్పుడు బిస్కెట్ల డబ్బా పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తా.

"మా టేబుల్ రెండో రౌండ్ సున్నా. నా వల్లే."

టెస్టింగ్ అమ్మాయి మొహం ఎర్రబడింది. "నీ ఊపిరి విని కాదు ఆగింది. నువ్వు అంత చిన్న క్లూ ఎందుకిచ్చావా అని అనుమానం వచ్చి ఆగాను" అంది. అది నిజమే అయ్యుండచ్చు. తనలాంటి ప్లేయర్ అలా ఆలోచించగలదు కూడా. కానీ నా ఊపిరి వల్ల ఆ మాట ఇక ఎవరూ తేల్చలేరు, తనతో సహా. తను సొంతంగా సాధించిన తెలివైన నిర్ణయాన్ని నేనే అనుమానం పాలు చేశా. సున్నా కంటే ఎక్కువ బాధపెట్టింది అదే. వారం రోజులు క్యాంటీన్‌లో నాతో మాట్లాడలేదు.

కుర్రాడు మాత్రం దగ్గరికొచ్చి, "అంకుల్, మీకూ సున్నానేనా?" అని అడిగాడు. నాకు 28. ఆ 'అంకుల్' దెబ్బ వేరే.

తర్వాతి ఈవెంట్‌కి రూల్స్ మార్చాం. రౌండంతా సున్నా చేయడం అన్యాయం అనిపించింది. శిక్ష మరీ పెద్దదైతే నిజం చెప్పేవాళ్లు తగ్గుతారు. ఇప్పుడు ఒక్కో లీక్‌కి మూడు పాయింట్లు కోత. టేబుల్‌కొక పరిశీలకుడు. ఈవెంట్ నడిపేవాళ్లు ఆడరు. అంటే నేను ఆడను. ఈ చివరి రూలు ప్రతిపాదించింది ఎవరో మీరు ఊహించే ఉంటారు. తనే. ఇప్పుడు మళ్లీ మాట్లాడుతోందిలెండి.

మీరూ మీ కాలనీలోనో, కాలేజీలోనో పెట్టాలనుకుంటే నాలుగు మాటలు. రూల్స్ ముందే ఒక పేజీలో రాయండి. ముక్కలు సర్దేవాళ్లని ఆడనివ్వకండి. ఏ క్లూకి ఏమర్థమో జట్టుగా ముందే అనుకోండి, అది తప్పు కాదు, కానీ ఆట మొదలయ్యాక కాదు. ముక్కల వంక చూడాలి తప్ప మొహాల వంక చూడకూడదని కొత్తవాళ్లకి నేర్పండి.

కుర్రాడు రెండో ఈవెంట్‌కి వచ్చాడు, ఈసారి నాన్న లేకుండా, ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని. సెక్రటరీ అంకుల్ హాల్ తాళాలు తనే తెచ్చిచ్చారు. అమ్మ ఊరెళ్లేముందు మాత్రం ఒక షరతు పెట్టింది. "మళ్లీ పెడితే ముందే చెప్పు, వచ్చి నేనే సర్దుతా. ఈలోపు కళ్లజోడు మార్పించు. ఆ నీలానికీ, ఆకుపచ్చకీ తేడా తెలిసి చావట్లేదు."