పొడుగు బండియా? ఎత్తు బండియా?

మన పాఠశాలలో చదివి, ఇంజనీరై, యిప్పుడు స్వీడను దేశమున గోటెన్‌బర్గు నగరమందు ఉద్యోగము చేయుచున్న యొక పూర్వవిద్యార్థి 2024వ సంవత్సరమున నాకొక లేఖ వ్రాసెను. అందలి సంగతి యిది: "మాస్టారు గారికి నమస్కారములు. మేమొక మోటారుకారు కొనదలచితిమి. వోల్వో కంపెనీవారి వి 90 క్రాస్ కంట్రీ యను వ్యాగనును, అదే కంపెనీవారి ఎక్స్‌సి 60 అను క్రాసోవరును చూచితిమి. రెండును వాడిన బండ్లే. ధరలో పెద్ద భేదము లేదు. పనికి పోయి వచ్చుటకు నాకు దినమునకు 28 కిలోమీటర్లు. నెలకొకమారు స్టాకుహోములో నున్న తమ్ముని యింటికి పోదుము. అది సుమారు 470 కిలోమీటర్లు. పిల్లలిద్దరు. ఈ వేసవిలో అమ్మ వచ్చి మాతోనే యుండబోవుచున్నది. ఏ బండి, ఏ యింజను తీసికొనవలెనో తమరు సెలవీయవలెను."

నాకు కారు లేదు. అయినను భౌతికశాస్త్రము చెప్పువానికి ఇట్టి ప్రశ్న పండుగవంటిది. ఆ లేఖను తొమ్మిదవ తరగతిలో చదివి వినిపింపగా, బాలురందరు నొక్క గొంతుకతో "ఎత్తు బండి!" యనిరి. ఎందువలన నని యడిగిన, "ఎత్తుగా నున్నది గనుక" ననిరి. ఆ ప్రత్యుత్తరము నాకు తృప్తి నీయలేదు. అందుచేత ఈ వ్యాసము.

వ్యాగనన నేమి? మన వీథులలో తిరుగు సెడాను కారును తలచుకొనుడు. ముందు ఇంజను, నడుమ మనుష్యులు కూర్చుండు గది, వెనుక సామానుల డిక్కీ. ఆ డిక్కీ చివరవరకు పైకప్పును సాగదీసి, వెనుక పెద్ద తలుపు పెట్టిన నదే వ్యాగను. అమెరికాలో రైలుస్టేషనునుండి ప్రయాణికులను, వారి పెట్టెలను తెచ్చుటకు కొయ్యతో కట్టిన యిట్టి బండ్లను వాడిరి గావున స్టేషన్ వ్యాగనను పేరు వచ్చెను. ఇంగ్లాండులో దీనిని ఎస్టేటు కారందురు. మన దేశమునను 1992లో టాటావారు టాటా ఎస్టేటు అను బండిని విడుదలచేసిరి. తలిదండ్రులలో కొందరికి జ్ఞాపకముండవచ్చును. ఇక్కడ అది యంతగా నిలువలేదు గాని స్వీడనులో వ్యాగను గృహస్థుని బండి. వోల్వోవారు 1953లో డ్యూయెట్ అను దానిని తెచ్చిరి. పనిదినములలో సరకులకు, సెలవులలో కుటుంబమునకు, అనగా రెండు బండ్లు ఒక్కటియై వచ్చినవని ఆ పేరులోని భావము. 1994లో వారు 850 అను వ్యాగనును బ్రిటిషు కార్ల పందెములలో సైతము పరుగెత్తించిరి. సామానుబండి పందెమునకు దిగుట చూపరులకెంత వింతయో మన బాలు రూహించుకొనవచ్చును.

ఇక క్రాసోవరు. పూర్వపు జీపులకు, లారీలకు అడుగున నిచ్చెన వంటి ఉక్కుచట్రముండును; దానిమీద పైభాగమును బిగింతురు. అది గట్టిది, బరువైనది, ప్రయాణమున కుదుపు హెచ్చు. కారున కట్టి చట్రము వేరుగా నుండదు. ఒడలంతయు ఒకే పెంకువలె నుండి బరువును మోయును. కారు పెంకునే తీసికొని, ఎత్తుచేసి, జీపు రూపమిచ్చిన నది క్రాసోవరు. 1994లో టొయోటావారి రావ్ 4, 1998లో లెక్ససువారి ఆర్‌ఎక్స్ ఈ మార్గమున ప్రసిద్ధికెక్కినవి. ఇవి యింతగా వ్యాపించుటకు జనుల మోజొక్కటే కారణము కాదు. అమెరికాలో 1975 నాటి చట్టము ననుసరించి వచ్చిన యింధనపు పొదుపు నియమములు కార్లకు కఠినముగను, చిన్న లారీల తరగతికి కొంత సడలింపుగను ఉండెను. ఎత్తైన కుటుంబపు బండ్లలో ననేకములు ఆ రెండవ తరగతిలో చేరినవి. కంపెనీల కది లాభమయ్యెను. వోల్వోవారి ఎక్స్‌సి 60 మొదట 2008లో పుట్టెను. 2025లో నది ఇరువదియేడు లక్షల సంఖ్యను చేరి, 1974 మొదలు 1993 వరకు తయారైన 240 అను పేరుగాంచిన వోల్వో కారును అమ్మకములలో దాటిపోయెను. ఆ 240 యొక్క వ్యాగను రూపమే యొకప్పుడు లోకమునకు వోల్వో యన్న జ్ఞప్తికి వచ్చు బొమ్మ!

ఇప్పుడు మన రెండు బండ్లకు వత్తము. 2016, 2017 సంవత్సరములలో వెలువడిన యీ రెండును ఒకే మూలనిర్మాణము మీద కట్టబడినవి. వ్యాగను పొడవు 4,939 మిల్లీమీటర్లు, ఎత్తు 1,543. క్రాసోవరు పొడవు 4,688, ఎత్తు 1,658. అనగా వ్యాగను సుమారు పది యంగుళములు పొడుగు. క్రాసోవరు సుమారు నాలుగున్నర యంగుళములు ఎత్తు. బాలురారా, ఇచ్చట నొక చిత్రము కలదు. నేలకును బండి యడుగునకును నడుమ నుండు ఖాళీని చూడుడు. కంపెనీ పట్టికలలో నది వ్యాగనుకు 210 మిల్లీమీటర్లు, క్రాసోవరుకు 216. భేదము ఆరు మిల్లీమీటర్లు! మీ పెన్సిలు మందము కన్న తక్కువ. గతుకులకును, మంచునకును ఎత్తు బండి మేలని తలచి కొనువారికి దొరకునది యింతే. తక్కిన యెత్తంతయు పీఠములోను, పైకప్పులోను నున్నది. (క్రాస్ కంట్రీ యనునది వ్యాగనులలో కొంత పైకెత్తి కట్టిన రకము, సామాన్యపు వి 90 ఇంతకన్న నేలకు దగ్గరగా నుండును.)

ఆ యెత్తునకు వెల చెల్లింపవలసినది మలుపులయందు. కాలువగట్టు మీద గడ్డిబండి మలుపు తిరుగుట మీరందరు చూచినదే. అంతే బరువుగల ధాన్యపు బస్తాలు వేసిన బండి నిశ్చింతగా తిరుగును. గడ్డిబండి యొక ప్రక్కకు ఒరగును. బరువు సమానమే, గరిమనాభి యెత్తు వేరు. చక్రముల నడుమ దూరములో సగమును గరిమనాభి యెత్తుచేత భాగించిన వచ్చు సంఖ్యను అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతాశాఖవారు బండి బోర్లపడు స్వభావమునకు కొలతగా నుపయోగింతురు. సామాన్యముగా కార్లకది 1.3 మొదలు 1.5 వరకు నుండును. ఎత్తైన బండ్లకు 1.0 మొదలు 1.3 వరకు. సంఖ్య యెంత హెచ్చయిన బండి యంత నిలుకడ గలది. అయితే నిజము దాచరాదు. చక్రములను వేర్వేరుగా బిగబట్టి బండి జారకుండ కాపాడు ఎలక్ట్రానిక్ సాధనము అమెరికాలో 2012 మోడలునుండి కొత్త కార్లన్నిటికిని విధిగా నుండవలెనన్న నియమము వచ్చెను. దానితో ఎత్తు బండ్ల అపాయము చాల తగ్గినది. కావున క్రాసోవరెక్కిన వారెల్లరు పల్టీకొట్టుదురని భయపడ పనిలేదు. మలుపులో లోపలివారి తలలు మాత్రము కొంచె మెక్కువ యూగును. వెనుక కూర్చున్న పిల్లలకు కడుపులో త్రిప్పుటకు అదియు నొక కారణము.

రెండవ వెల గాలికి. బండి ముందువైపు వెడల్పు రెంటికిని ఇంచుమించు సమానము; ఎత్తు నూటికి ఏడు పాళ్లు హెచ్చు. గాలి యెదిరించు బలము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 60 కిలోమీటర్లనుండి 120కి వేగము రెట్టింపైన నా బలము నాలుగు రెట్లగును. దాని నెదిరించుటకు వలయు శక్తి యెనిమిది రెట్లు. ఊరిలో తిరుగునపుడు ఈ భేదము తెలియదు. స్టాకుహోము దారిని నాలుగైదు గంటలు పోవునపుడు పెట్రోలు లెక్కలో తెలియును.

ఇక నింజను. చాలమంది బండి రూపమును చూచి మోహపడి, ఇంజనును అమ్మువాని మాటకు విడిచిపెట్టుదురు. ఇక్కడ వోల్వోవారి పద్ధతి విద్యార్థులకు మిక్కిలి యుపయోగకరము. వారు 2013 మొదలుకొని ఐదు సిలిండర్ల, ఆరు సిలిండర్ల ఇంజనులను క్రమముగా విడిచి, రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను నొక్కదానినే మూలముగా పెట్టుకొని, దానికి తోడుచేర్చు పరికరములను బట్టి వేర్వేరు శక్తులను పుట్టించిరి. బయటికి పోవు పొగ వేగముచేత నొక చిన్న చక్రమును త్రిప్పి, దానితో సిలిండరులోనికి గాలిని కూరుట టర్బో. పొగ తక్కువగా నున్నపుడు ఆ చక్రము మెల్లగా తిరుగును గనుక కాలు నొక్కిన వెంటనే బండి యురకదు. ఆ లోపమును తీర్చుటకు టి 6 అను పెట్రోలు రకములో ఇంజనుచేతనే పట్టీతో తిరుగు వేరొక గాలిపంపును చేర్చిరి. డి 5 అను డీజిలు రకములో ఇంకొక యుపాయము: రెండు లీటర్ల చిన్న తొట్టిలో గాలిని బిగించి యుంచి, కాలు నొక్కగనే దానిని టర్బోవైపు ఊదుట. కమ్మరి కొలిమి తిత్తి జ్ఞప్తికి వచ్చుట లేదా? 2017లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన వి 90 క్రాస్ కంట్రీకిని, అదే సంవత్సరాంతమున వచ్చిన ఎక్స్‌సి 60కిని ఈ డి 5 ఇంజనునే పెట్టిరి. రెంటికిని 235 గుర్రపుశక్తి, 480 న్యూటన్-మీటర్ల త్రిప్పుబలము. గుండె యొక్కటే, ఒడళ్లు రెండు.

డీజిలు దూరప్రయాణములకు మంచిది, పొదుపు హెచ్చు. అయితే దాని పొగలోని మసిని పట్టు జల్లెడ యొకటి కలదు. ఆ మసి కాలిపోవుటకు ఇంజను బాగుగా వేడెక్కి కొంతసేపు వడిగా పరుగిడవలెను. గడ్డకట్టు చలిలో దినమునకు రెండుమారులు పదునాలుగేసి కిలోమీటర్లు మాత్రము నడచు బండిలో అది జరుగుట కష్టము. జల్లెడ పూడుకొని ఖర్చు మీదపడును. పైగా 2015లో వోక్సువాగను కంపెనీవారు పరీక్షలలో డీజిలు పొగను తక్కువగా చూపించు మోసపు యేర్పాటు చేసిరని బయటపడినది మొదలు ఐరోపాలో డీజిలు ప్రతిష్ఠ సన్నగిల్లెను. వోల్వోవారు తమ కడపటి డీజిలు కారును 2024 మార్చిలో తయారుచేసిరి.

తరువాత మృదువైన హైబ్రిడ్. పెట్రోలు ఇంజనుకు 48 వోల్టుల చిన్న బ్యాటరీ తోడు. బ్రేకు వేసినపుడు వ్యర్థమగు శక్తిని కొంత పట్టి, బయలుదేరునపుడు తిరిగి యిచ్చును. ఇది విద్యుత్తుతో బండిని దూరము నడుపజాలదు. ఇంజనుకు వీపు తట్టునంతే. మూడవది గోడకు తగిలించి చార్జి చేయునది. వెనుక చక్రములను విద్యుత్ మోటారు, ముందు చక్రములను పెట్రోలు ఇంజను త్రిప్పును. 2022 మోడలునుండి దీనికి 18.8 కిలోవాట్-గంటల బ్యాటరీని పెట్టిరి. ప్రయోగశాల లెక్కలో డెబ్బది కిలోమీటర్లకు పైగా విద్యుత్తుతోనే పోవునందురు. శీతకాలమున నంత రాదు, అయినను 28 కిలోమీటర్లకు చాలును. చార్జి చేయక సోమరితనమున వదలినవాడు మాత్రము ఆ బ్యాటరీ బరువును పెట్రోలుతో మోయుచుండవలెను. ఎక్స్‌సి 60లో నీ రకపు బరువు రెండు టన్నులు మించును. గుర్రపుశక్తి హెచ్చన్న ఆశతో దీనిని కొనుట తెలివి గాదు. 2020నుండి వోల్వోవారు తమ కొత్త కార్లన్నిటిని గంటకు 180 కిలోమీటర్లకు మించి పోనీయకుండ కట్టడి చేసిరి.

ఈ లెక్కలన్నియు వేసి నేను శిష్యునికి వ్రాసితిని: "నీకు వ్యాగనే తగినది. ఆరు మిల్లీమీటర్లకై నాలుగున్నర యంగుళముల గాలిని తోయనేల? పిల్లల సామానున కది పొడుగు, మలుపులలో నిలుకడ, దూరపు దారిలో పొదుపు. ఇంటివద్ద చార్జి చేయు వసతి యున్నచో క్రాస్ కంట్రీని పట్టుకొని వ్రేలాడక, తగిలించు రకపు సామాన్య వి 90ని వెదకుము. వసతి లేనిచో మృదువైన హైబ్రిడ్ పెట్రోలు. డీజిలు వలదు."

ఉత్తరము పంపి, మంచి పాఠము చెప్పితినని సంతోషించితిని. మూడు వారములకు జవాబు వచ్చెను. డబ్బు కట్టుటకు ముందు అతడు తల్లిని వెంటబెట్టుకొని దుకాణమునకు పోయెనట. ఆమెకు రెండు మోకాళ్లును నొప్పులే. వ్యాగనులో కూర్చుండగలిగినది గాని, దిగునపుడు తలుపును, కొడుకు భుజమును పట్టుకొని రెండుమారులు ప్రయత్నించి లేచెను. క్రాసోవరు పీఠము ఆమె నడుమునకు సమానముగా నుండుటచే ప్రక్కకు జరిగి కూర్చున్నది. కాళ్లు క్రిందికి జార్చి తానే దిగినది. "దీంట్లోంచి నేను దిగగలను నాన్నా, నిన్ను పిలవక్కర్లేదు" అన్నదట. ముక్కాలిపీట మీదనుండి లేచుటకును, మంచము పట్టె మీదనుండి లేచుటకును ఎంత భేదమో మోకాలి నొప్పి యెరిగినవారి కొకరు చెప్పనక్కరలేదు. పీఠము దిగువనున్నకొలది మోకాలు హెచ్చుగా వంగును. వంగినకొలది లేచుటకు తొడకండరములు హెచ్చుగా పనిచేయవలెను. ఇదియు భౌతికశాస్త్రమే. నా కాగితము మీద మాత్రము లేదు. లేఖలో "అమ్మ వచ్చి మాతోనే యుండబోవుచున్నది" యన్న వాక్యమును నేను చదివియు, డిక్కీలో మరియొక పెట్టె యని మాత్రమే లెక్కకట్టితిని.

అతడు తగిలించు రకపు ఎక్స్‌సి 60నే కొనెను. ఇంజను విషయమున నా మాట విన్నాడు. వారి యింటి క్రింద చార్జి చేయు వసతి యున్నదట. స్టాకుహోము దారిలో పెట్రోలు కొంచెము హెచ్చుగానే త్రాగుచున్నదనియు, చిన్నవానికి మలుపులలో త్రిప్పుచున్నదని ముందు పీఠమునకై తగవులాడుచున్నాడనియు వ్రాసెను. ముందు పీఠము నాయనమ్మది.