ఛార్జింగ్ బండి ముందుకు దూకినప్పుడు

సున్నపురాతి గనులకూ సిమెంటు కర్మాగారాలకూ పేరుపడిన మేళ్లచెరువు ప్రాంతంలో ఇంతకాలం లోడు లారీల మోతే వినిపించిన రోడ్ల మీదికి ఇప్పుడు చప్పుడు లేని వాహనాలు వస్తున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్నునూ రిజిస్ట్రేషన్ రుసుమునూ పూర్తిగా మినహాయించడంతో పల్లెల్లోనూ ఛార్జింగ్ బండి కొనాలన్న ఆలోచన బలపడింది. అంతకుముందే, 2023 మే నెలలో, సమీపంలోని కోదాడ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్, విజయవాడల మధ్య ఆర్టీసీ ఈ-గరుడ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. వీటితో పాటే ఒక భయం కూడా వ్యాపించింది. బండి దానంతట అదే ముందుకు దూకిందనీ, బ్రేకులు పడలేదనీ ప్రమాదాల తరువాత వినిపించే మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే వాహనం లోపల జరిగేదీ, నడిపేవారి కాలు చేసేదీ రెండూ తెలియాలి.

విద్యుత్ కార్లలో, బస్సుల్లో ఎక్సలేటరు పెడల్ కింద లాగే తీగ ఉండదు. పెడల్ ఎంత దిగిందో కొలిచే రెండు సెన్సార్లు వేర్వేరు వోల్టేజీలలో సంకేతాలు పంపుతుండగా, కంట్రోలరు అనే చిన్న కంప్యూటరు రెండింటినీ సరిపోల్చి, లెక్క కుదరకపోతే మోటారుకు అందే శక్తిని కోసేస్తుంది. ఆ తరువాతి అంచె ఇన్వర్టరు. బ్యాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును మోటారుకు కావలసిన ఏకాంతర విద్యుత్తుగా మార్చే ఈ పరికరంలోని ఆరు స్విచ్చులు సెకనుకు వేల సార్లు వరుస తప్పకుండా తెరుచుకుని మూసుకుంటేనే మోటారు తిరుగుతుంది కాబట్టి, వాటిలో ఒకటి కాలి అతుక్కుపోయినా మోటారు పరుగు అందుకోదు, కుదుపులతో మందగిస్తుంది. అందువల్ల పూర్తిస్థాయి కార్లలో, బస్సుల్లో యంత్రమే తప్పుచేసి దూసుకుపోవడం చాలా అరుదు.

తక్కువ ధర స్కూటర్ల విషయంలో మాత్రం ఇదే భరోసా ఇవ్వలేము. వాటి హ్యాండిల్ పిడిలో సాధారణంగా ఒకే ఒక హాల్ సెన్సారు, అంటే అయస్కాంతం దగ్గరవుతున్న కొద్దీ వోల్టేజీ పెంచే చిన్న చిప్పు ఉంటుంది. దానికి మూడు తీగలు: 5 వోల్టులు తెచ్చేది ఒకటి, నెగటివ్ ఒకటి, కంట్రోలరుకు సంకేతం మోసేది మరొకటి. పిడి వదిలేసి ఉన్నప్పుడు సంకేతం సుమారు 1 వోల్టు దగ్గరా, పూర్తిగా తిప్పినప్పుడు 4 వోల్టుల దగ్గరా ఉంటుంది. హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ మెడ దగ్గర ఒరుసుకుంటూ ఆ నెగటివ్ తీగ ఒకనాడు తెగితే సంకేతం ఒక్కసారిగా 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది; మంచి కంట్రోలరు అయితే హద్దు దాటిన ఆ వోల్టేజీని లోపంగా గుర్తించి మోటారును ఆపేస్తుంది, నాసిరకందైతే పిడి పూర్తిగా తిప్పినట్టే భావించి బండిని పరుగెత్తిస్తుంది. ఇలాంటి వేళ కాపాడేది బ్రేకు లీవరు దగ్గర ఉండే చిన్న స్విచ్చి. లీవరు నొక్కగానే మోటారుకు కరెంటు ఆగిపోయేలా చేయడమే దాని పని. అది మొరాయించినప్పుడు మెకానిక్ కొత్తది వేయకుండా కనెక్టరు పీకేసి బండి నడుస్తోంది కదా అని తిరిగి ఇచ్చేయడం ప్రాణాలతో ఆడుకోవడమే. 250 వాట్లకూ గంటకు 25 కిలోమీటర్లకూ లోబడిన బండ్లకు లైసెన్సుతో, రిజిస్ట్రేషన్‌తో పని లేకపోవడం వల్ల వాటిని పిల్లలూ వృద్ధులూ కూడా నడుపుతారు గనుక, తనిఖీకి రాని ఆ బండ్లకే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి.

పెద్ద వాహనాల్లో ప్రమాదానికి తరచుగా కారణమయ్యేది పెడల్ పొరపాటు, అంటే బ్రేకు అనుకుని ఎక్సలేటరును తొక్కడం. అమెరికాలో ఆడి 5000 కార్లు వాటంతట అవే దూకుతున్నాయని వచ్చిన ఆరోపణల తరువాత అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 1989లో ఇచ్చిన నివేదిక ఈ కారణాన్నే చూపింది. టెస్లా కార్ల మీద వచ్చిన ఇలాంటి పిటిషన్‌ను అదే సంస్థ 2021 జనవరిలో తిరస్కరిస్తూ మళ్లీ అదే మాట చెప్పింది. అలాగని తప్పంతా నడిపేవారిదే అనుకోవడానికీ వీల్లేదు. 2024 ఏప్రిల్‌లో టెస్లా తన సైబర్‌ట్రక్కులు 3,878 వెనక్కి పిలిపించింది. వాటి ఎక్సలేటరు పెడల్ మీది తొడుగు జారి, పైభాగంలో ఇరుక్కుని, పెడల్‌ను నొక్కిపట్టే ప్రమాదం ఉందని తేలింది.

తెలుగువారు మరింత శ్రద్ధగా చూడవలసిన ఉదంతం ముంబైలోని కుర్లాది. 2024 డిసెంబరు 9 రాత్రి అక్కడి రద్దీ రోడ్డు మీద 12 మీటర్ల విద్యుత్ బస్సు ఒకటి జనాన్నీ వాహనాలనూ ఢీకొడుతూ దూసుకుపోయి తొమ్మిది మందిని బలిగొంది. ఆ బస్సు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఒలెక్ట్రా సంస్థ తయారుచేసినది. తనిఖీలో బ్రేకులు పనిచేస్తున్నట్టు తేలింది. అంతవరకూ క్లచ్, గేర్లు ఉన్న చిన్న బస్సులు నడిపిన డ్రైవరుకు ఈ పెద్ద ఆటోమేటిక్ బస్సు మీద కొద్ది రోజుల శిక్షణే దక్కిందన్న విషయం కూడా బయటికి వచ్చింది.

ఇక్కడ క్లచ్ సంగతి లోతుగా చూడాలి. ఏళ్ల తరబడి లారీ నడిపిన డ్రైవరు ఆపద ఎదురైన క్షణంలో కుడికాలితో బ్రేకు, ఎడమకాలితో క్లచ్ కలిపి తొక్కుతాడు. పొరపాటున కుడికాలు ఎక్సలేటరు మీద పడినా క్లచ్ దిగి ఉంటుంది కాబట్టి ఇంజను అరుస్తుందే తప్ప బండి పోదు, ఆ అరుపే తప్పును పట్టిస్తుంది. విద్యుత్ బస్సులో తొక్కడానికి క్లచ్ లేదు, హెచ్చరించడానికి ఇంజను మోత లేదు, పైగా మోటారు నిలిచి ఉన్న స్థితి నుంచే తన పూర్తి బలాన్ని చక్రానికి అందిస్తుంది. కంగారులో కాలు మరింత బలంగా దిగుతుంది. బ్రేకే తొక్కుతున్నానన్న నమ్మకం మాత్రం సడలదు. మహాశివరాత్రి జాతరకు మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి గుడి చుట్టూ చేరేంతటి జనసమ్మర్దంలో ఇలాంటి రెండు సెకన్లు ఏం చేయగలవో ఊహించడం కష్టం కాదు.

బ్రేకులు పడలేదన్న మాటకు మరో మూలం కూడా ఉంది. ఎక్సలేటరు వదలగానే మోటారే జనరేటరుగా మారి వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీని నింపే పద్ధతిని పునరుత్పాదక బ్రేకింగ్ అంటారు. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉన్నప్పుడు అదనపు కరెంటును తీసుకునే చోటు ఉండదు కాబట్టి, చాలా వాహనాల్లో ఈ లాగుడు బాగా తగ్గిపోతుంది. రోజూ దానికే అలవాటుపడినవారికి ఉదయం ఛార్జింగ్ తీసి బయలుదేరగానే బ్రేకు పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి చక్రాల దగ్గరి అసలు బ్రేకులు ఎప్పటిలాగే ఉంటాయి.

వాహనం నిజంగానే దూకితే మొదట చేయవలసింది బ్రేకును ఒక్కసారి గట్టిగా తొక్కి వదలకుండా పట్టి ఉంచడం, ఎందుకంటే మంచి స్థితిలో ఉన్న కారు బ్రేకుల బలం మోటారు తోసే బలం కన్నా ఎక్కువ. బ్రేకు తొక్కిన కొద్దీ వేగం పెరుగుతుంటే కాలు తప్పు పెడల్ మీద ఉందనే అర్థం. వెంటనే కాలు పూర్తిగా ఎత్తి మళ్లీ పెట్టాలి. తరువాత గేరును న్యూట్రల్‌లోకి మార్చాలి. చాలా కార్లలో పార్కింగ్ బ్రేకు మీటను వదలకుండా పట్టుకుంటే అత్యవసరంగా ఆగే ఏర్పాటు ఉంటుంది. స్కూటరైతే రెండు బ్రేకులూ కలిపి పట్టి, హ్యాండిల్ మీది కిల్ స్విచ్చిని లేదా తాళాన్ని ఆఫ్ చేయాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో తేరుకునే ఒక్క సెకనులోనే వాహనం సుమారు 17 మీటర్లు పోతుంది, పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు, తడి రోడ్డయితే 35 మీటర్ల దాకా పడుతుంది. ఆలోచించుకునే వ్యవధి అప్పుడు ఉండదు.

జపాన్ 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో పెడల్ పొరపాటును పసిగట్టి ముందుకు దూకకుండా ఆపే ఏర్పాటును తప్పనిసరి చేస్తోంది. మన దగ్గర అలాంటి నిబంధన కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. క్లచ్ బండి నుంచి ఆటోమేటిక్‌కు మారే ప్రతి డ్రైవరుకూ జనం లేని స్థలంలో అత్యవసర బ్రేకును మళ్లీ మళ్లీ సాధన చేయించిన తరువాతే బస్సు అప్పగించాలి. విద్యుత్ బండి కొన్నవారు మొదటి రోజే షోరూంలో కిల్ స్విచ్చి, బ్యాటరీ కరెంటును కోసే ఎంసీబీ ఎక్కడున్నాయో, బ్రేకు లీవరు నొక్కితే మోటారు ఆగుతుందో లేదో దగ్గరుండి చూపించమని అడగాలి, చూపించలేని చోట బండి కొనకూడదు.