స్ప్రింగులపై పఱచిన నేల

ఢిల్లీ చెంతనున్న వైశాలిలో మెట్రో బండి దిగి నాలుగడుగులు నడచినచో, ఒక దుకాణసముదాయపు నేలమాళిగలో, సాయంకాలము ఏడు గంటలకు, టైల్సుపై సుద్దముక్కతో గీచిన చతురస్రముల వెంబడి పదిపదునైదుగురు అడుగులు వేయుచుండుట కాననగును. గురువుగారు చప్పట్లు చఱచుచు ‘వన్, టూ, త్రీ’ యని లెక్కించుచుండగా నా చెవికి మాత్రము మన తిశ్రగతియే వినవచ్చినది. ఒక కాబోయే వరుడు, వధువు వీపునకు చేయి ఆనించియు నానించనట్లుంచి, నిండుబిందె నెత్తుకొన్నవానివలె బిగిసిపోయి, చూపును తన బూట్లమీదనే నిలిపియుండెను. పెండ్లినాటి రాత్రి బంధుజనము నెదుట ఒక్క వాల్ట్జ్ ఆడి బయటపడవలెనని వారి తాపత్రయము.

ఇచ్చటికి గంట ప్రయాణపు దూరమున మఱియొక నేల కలదు. ఢిల్లీలో వాస్తుశిల్పి లుటియన్స్ రూపకల్పన చేయగా 1929లో పూర్తియైన వైస్రాయి భవనమందలి, అనగా నేటి రాష్ట్రపతి భవనమందలి, నృత్యశాలలో కొయ్యనేల పఱచి, దాని క్రింద స్ప్రింగులమర్చిరి. అడుగు పడినప్పుడు నేల ఇంచుక లొంగి మరల లేచుటచే, రాత్రి పొడుగున నర్తించినవారికిని మోకాళ్ళు నొవ్వవు. ఆ శాలయే స్వాతంత్ర్యానంతరము అశోక్ హాల్, 2024 నుండి అశోక్ మండప్. విదేశ రాయబారులు రాష్ట్రపతికి తమ నియామకపత్రములు సమర్పించు చోటు. ఆ గంభీరుల పాదముల క్రింద నేటికిని స్ప్రింగులున్నవన్న తలంపు వచ్చినపుడెల్ల నాకు నవ్వాగదు.

స్త్రీపురుషులు కౌగిలివంటి భంగిమలో తిరుగు వాల్ట్జ్‌ను చూచి మన తాతలే కాదు, తెల్లవారును కన్నులు మూసికొనిరి. 1816లో ఇంగ్లండు యువరాజు విందులో అది ప్రవేశింపగా లండన్ టైమ్స్ పత్రిక తీవ్రముగా నిందించెను. అటుపిమ్మట ఆ నృత్యమే మర్యాదకు గుఱుతై, నాట్యరాత్రులలో స్త్రీలు చిన్న అట్టపై ఏ ఆట ఎవరితోనో ముందుగనే వ్రాయించుకొనెడివారు. ఎవరితో ఆడవచ్చును, ఎన్నిమార్లు ఆడవచ్చును అనునదే అప్పటి శాస్త్రము. అడుగు ఎట్లు పడినను క్షమింపబడెడిది.

అడుగునకే శాస్త్రము పుట్టినది మొదటి ప్రపంచయుద్ధము తరువాత. అమెరికా నుండి ఫాక్స్‌ట్రాట్ మొదలగునవి వెల్లువగా వచ్చి, ఎవరికి తోచినట్లు వారాడుచుండగా, 1920లో లండన్ గురువులు సమావేశమై అడుగులను స్థిరపఱచుటకు పూనుకొనిరి. ఆ యేటనే బ్లాక్‌పూల్ నృత్యోత్సవము మొదలయ్యెను. 1922లో తొలి ప్రపంచ పోటీలో గెలిచిన విక్టర్ సిల్వెస్టర్ పిదప వాద్యబృందమును కూర్చి, లయ తప్పని రికార్డులతో ఇంటింటికి ప్రవేశించెను. నేటి పోటీలో వాల్ట్జ్‌కు నిమిషమునకు 28 నుండి 30 ఆవర్తములు, క్విక్‌స్టెప్‌కు దాదాపు 50. వీపున సంఖ్య, అంచున న్యాయనిర్ణేతలు. 1997లో ఒలింపిక్ సంఘము ఈ పోటీనృత్యమును క్రీడగా గుర్తించినది. ఇంత బిగువున సరసము కొంత ఎండిపోయెననుట నిజమే. కాని కొలత పుట్టుటచేతనే విద్య క్లబ్బు గోడ దాటి రుసుము చెల్లించినవాని కందినది. నేనైతే ఈ బేరమునకు సమ్మతింతును.

పోటీయు కాక, ప్రభువుల వైభవమును కాక, కేవలము కలసి ఆడుటకే ఆడినవారు మనలోనే ఉండిరి: లాలాగూడ, కాజీపేట రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్లు. క్రిస్మస్ దినములలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలున ముసలివారు, పసివారు ఒకే నేలపై తిరిగెడివారు. స్వాతంత్ర్యానంతరము వారిలో ననేకులు ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు తరలిపోగా ఆ సందడి పలుచబడెను.

ఇటు వైశాలి నేలమాళిగలో ఎనిమిది గంటలకు పాట ఆగినది. వరుడు అప్పటికి రెండుమార్లు వధువు కాలు త్రొక్కెను; ఆమె చెప్పులు విడిచి, ‘మళ్ళీ మొదటినుండి’ అని హిందీలో అన్నది. పనివాడు తడిగుడ్డ తెచ్చి ఒక మూలనుండి సుద్దగీతలు తుడుచుచుండగా, వారిద్దఱును మిగిలిన గీతలపై ఆడిరి.