మేయరమ్మ ఉత్తరాలు ఎవరు దాచాలి?

తార్నాక అనగానే మనకి గుర్తొచ్చేది ఉస్మానియా యూనివర్సిటీ. పరీక్షల సీజన్లో పుస్తకాలు పట్టుకుని చెట్లకింద తిరిగే పిల్లలు, ఆ వెనక ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం. అదే తార్నాకలో మరో భవనం ఉంది. రాష్ట్ర పురావస్తు పత్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్. రోజూ దాని ముందునుంచే వెళ్ళే ఆడవాళ్ళలో ఎంతమంది ఒక్కసారైనా లోపలికి తొంగిచూసి ఉంటారో!

లోపల నాలుగు కోట్లకు పైగా కాగితాలున్నాయి. అన్నిటికంటే పాతది 1406 నాటి బహమనీ సుల్తాను ఫర్మానా. షాజహాను, ఔరంగజేబుల కాలంలో దక్కనులో సైన్యానికి జీతాలెంత ఇచ్చారో, గుర్రాలెన్ని ఉన్నాయో రాసిపెట్టుకున్న లెక్కలు కూడా ఉన్నాయి. చాలా భాగం పారసీ, ఉర్దూ. వీటిని బాగుచేసి కాపాడటానికి 2022లో ఇరాన్‌కు చెందిన నూర్ మైక్రోఫిల్మ్ సంస్థతో ఒప్పందం కూడా జరిగింది. గుర్రాల లెక్కలకే ఇంత భద్రత ఉంది కదా, మరి మన ఊరిని ఏలిన ఆడవాళ్ళ మాట ఎక్కడ దాగుతుంది?

'ఊరిని ఏలిన ఆడవాళ్ళా?' అని ఆశ్చర్యపోకండి. హైదరాబాదు కార్పొరేషన్‌కు మొదటి మహిళా మేయర్ రాణి కుముదినీ దేవి. 1962లో ఆ కుర్చీలో కూర్చున్నారు. వనపర్తి సంస్థానం కోడలు, పింగళి వెంకటరామారెడ్డి గారి కూతురు. కుష్ఠు రోగుల్ని ఊళ్ళోంచి తరిమేసే రోజుల్లో వాళ్ళకోసం కూకట్‌పల్లిలో శివానంద ఆశ్రమం పెట్టిన మనిషి. నూరేళ్ళకు దగ్గరగా బతికి 2009లో కన్నుమూశారు. 1965లో సరోజినీ పుల్లారెడ్డి మేయరయ్యారు. ఆ తర్వాత 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిపి గ్రేటర్ చేశారు. అందులో మన మల్కాజ్‌గిరీ ఒకటి. ఆ గ్రేటర్‌కి 2009లో తొలి మేయరుగా ఎన్నికైంది ఎవరో కాదు, తార్నాక డివిజన్ నుంచి గెలిచిన బండ కార్తీకరెడ్డి. 2021లో గద్వాల విజయలక్ష్మి మేయరైతే, డిప్యూటీ మేయరు మోతె శ్రీలత మళ్ళీ తార్నాక నుంచే. ఆర్కైవ్స్ ఉన్న పేటే ఇద్దరు ఆడవాళ్ళను బల్దియా పెద్ద కుర్చీల దాకా పంపిందన్నమాట.

సంతకం ఆమెది, మాట ఎవరిది?

మేయరంటే చాలా అధికారం ఉంటుందనుకుంటాం. హైదరాబాదులో సంగతి వేరు. 1955 నాటి చట్టం ప్రకారం పనులు చేయించే అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. మేయరు సభ నడుపుతారు, స్టాండింగ్ కమిటీలో కూర్చుంటారు, తీర్మానాలు చేయిస్తారు. ఫలానా బస్తీకి నీళ్ళు రావడం లేదని ఎవరైనా ఏడుస్తూ వస్తే ఆమె చేయగలిగిందేమిటి? ఉత్తరం రాయడం! కమిషనర్‌కో, మంత్రికో, నీటి సరఫరా వాళ్ళకో. మేయరమ్మ చేతిలో కత్తీ ఉత్తరమే, చీపురూ ఉత్తరమే.

ఈ ఉత్తరాల్లో మూడు రకాలున్నాయి. ఒకటి, అచ్చంగా ఆఫీసు కాగితం. నంబరు, తేదీ, విషయం, సూచిక. దీన్ని సెక్షన్‌లో గుమాస్తా తయారుచేస్తాడు, సూపరింటెండెంటు దిద్దుతాడు, అది పైపైకి వెళ్ళి సంతకమవుతుంది. అందులో మేయరు గొంతు వెతకడమంటే పెళ్ళి శుభలేఖలో పెళ్ళికూతురి మనసు వెతకడమే. ఫైలుకు ఎడమపక్క పెట్టే నోటు కాగితాలు నయం. 'చర్చించండి', 'ఎందుకు ఆలస్యం?' అని పక్కన సొంత చేత్తో రాసిన ఒక్క ముక్కలో కోపమో జాలో కనిపిస్తుంది.

రెండోది డి.ఓ. లెటరు. ఆఫీసుల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళకి ఇది బాగా తెలుసు. సగం సర్కారుది, సగం మనిషిది. హోదాని కాకుండా పేరు పెట్టి 'ప్రియమైన ఫలానాగారూ' అని మొదలవుతుంది. 'మీరు స్వయంగా చూడాలని కోరుతున్నాను' అని ముగుస్తుంది. పని త్వరగా జరగాలంటే అందరూ దీన్నే నమ్ముకుంటారు.

మూడోది ఇంటి ఉత్తరం. అక్కకో, స్నేహితురాలికో, హాస్టల్లో ఉన్న కూతురికో రాసింది. 'ఇవాళ సభలో గొడవైంది, ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు' అన్న మాట అందులోనే ఉంటుంది తప్ప తీర్మానాల పుస్తకంలో ఉండదు.

మొదటి రకం ఫైళ్ళలో ఉంటుంది. రెండోదానికి నకలైనా మిగలొచ్చు. మూడోదానికి ఏ ఇన్‌వర్డ్ నంబరూ లేదు. ఇంట్లో ఎవరైనా దాచాలి, లేకపోతే పాతపేపర్లవాడి తక్కెట్లోకి పోవాలి. ఇల్లు మారినప్పుడో, పెద్దవాళ్ళు పోయిన పదకొండో రోజునో 'ఈ చెత్తంతా ఎందుకు' అని పెట్టెలు ఖాళీ చేయడం మనకందరికీ అనుభవమే కదా.

బోస్టన్ పెద్దకూతురు

అలా కాకుండా ఇంట్లో ఒక మనిషి పట్టుబట్టి దాస్తే ఏమవుతుందో చూడాలంటే కాస్త దూరం పోవాలి. అమెరికాలోని బోస్టన్ 1822లో నగరమయ్యింది. రెండో మేయరు జోసయ్యా క్విన్సీ. 1823 నుంచి 1828 దాకా ఏటేటా గెలుస్తూ ఆరేళ్ళు మేయరుగా ఉన్నాడు. మన మేయర్లలాగా ఉత్తరాలు రాసి ఊరుకునే రకం కాదు. ముఖ్యమైన కమిటీలన్నింటికీ తనే అధ్యక్షుడయ్యాడు. తెల్లవారకముందే గుర్రమెక్కి వీధులు చూసొచ్చేవాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న పెంట ఊడ్పించాడు, అగ్నిమాపక దళాన్ని తీర్చిదిద్దాడు, రాతితో పెద్ద మార్కెట్ కట్టించాడు. ఇవాళ్టికీ దాన్ని క్విన్సీ మార్కెట్ అనే అంటారు. తర్వాత హార్వర్డ్ యూనివర్సిటీకి పదహారేళ్ళు అధ్యక్షుడు.

తన పాలన గురించి 1852లో ఆయనే ఒక లావుపాటి పుస్తకం రాసుకున్నాడు. నివేదికలు, తీర్మానాలు, లెక్కలు. అంతటితో ఆగితే మనకి కనిపించేది ఒక్క మేయరే.

ఆయనకి ఐదుగురు కూతుళ్ళు. పెద్దావిడ ఎలైజా సూసన్. పెళ్ళి చేసుకోలేదు. తాతలనాటి ఉత్తరాలు, తండ్రి పార్లమెంటు సభ్యుడిగా రాజధానిలో ఉన్నప్పుడు తల్లికి రాసినవి, అక్కచెల్లెళ్ళ డైరీలు, అన్నీ వరసగా పెట్టింది. ఎవరు ఎవరికి ఏమవుతారో రాసింది. తల్లి జ్ఞాపకాలను 1861లో పుస్తకంగా అచ్చువేయించింది. ఇంట్లో ఏ గదిలో ఏ కుర్చీ ఎవరిదో కూడా జాబితా రాసి ఫోటోలు తీయించింది. ఆ ఇల్లు ఇవాళ మ్యూజియం. గదులు సర్దుకోవడానికి ఆమె జాబితానే ఆధారం. కుటుంబం కాగితాలు మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీకి చేరాయి. కూతుళ్ళ డైరీల్లోంచి, ఉత్తరాల్లోంచి ఏరిన భాగాలు 1946లో పుస్తకంగా వచ్చాయి. ఫ్రాన్సు సేనాని లఫాయెట్ 1824లో బోస్టన్ వచ్చినప్పుడు మేయరుగారింట్లో ఎంత హడావుడో ఆ అమ్మాయిలు రాసుకున్నారు.

ఇక్కడే అసలు ముడి ఉంది. 1826లో బోస్టన్‌లో ఆడపిల్లల కోసం హైస్కూలు తెరిచారు. సీట్లకంటే ఎంతో ఎక్కువమంది పరీక్షకు వచ్చారు. మగపిల్లలైతే మధ్యలో చదువు మాని ఏ దుకాణంలోనో చేరిపోతారు. ఆడపిల్లలు చేరినవాళ్ళు చేరినట్టే చివరిదాకా కూర్చున్నారు! ఇంతమందికి బడులు పెట్టాలంటే ఊరి ఖజానా చాలదని మేయరుగారు తేల్చారు. 1828లో ఆ బడి మూతపడింది. బాగా నడవకపోవడం వల్ల కాదండీ, బాగా నడిచినందువల్ల! హెడ్‌మాస్టరు బెయిలీ ఊరుకోలేదు, మేయరు నివేదికను ఏకుతూ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఎన్నికల్లో రెండుసార్లూ క్విన్సీకి కావలసిన మెజారిటీ రాలేదు, తప్పుకున్నాడు. ఓటమికి కారణాలు చాలానే ఉన్నా, బడి గొడవ కూడా అందులో ఒకటి. ఆడపిల్లలకు మళ్ళీ నిలకడైన హైస్కూలు దొరకడానికి 1850ల దాకా ఆగాల్సొచ్చింది.

నివేదిక ఒక్కటే చూస్తే, పొదుపరి అయిన మంచి పాలకుడు. కూతుళ్ళ డైరీలు ఒక్కటే చూస్తే, కూతుళ్ళతో పుస్తకాల గురించి, రాజకీయాల గురించి మాట్లాడే మంచి తండ్రి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే వచ్చే ప్రశ్న వేరు. సొంత కూతుళ్ళకు దొరికిన చదువు ఊళ్ళో పిల్లలకు బరువెలా అయ్యిందయ్యా? రెండు రకాల కాగితాలూ మిగిలాయి గనుకనే ఆ ప్రశ్న అడగగలుగుతున్నాం. రెండోరకం మిగిల్చింది ఒక కూతురు. నాన్నగారి కీర్తి కోసమే దాచి ఉండవచ్చు, అయినా నిజం కూడా దానితోపాటే దాగింది.

మన పెట్టెల సంగతి

మన దగ్గర మునిసిపాలిటీల నుంచి పైకెదిగిన పెద్దలు తక్కువేం లేరు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రి మునిసిపల్ చైర్మనుగా చేసినవారే. అలహాబాదులో నెహ్రూ, అహ్మదాబాదులో పటేల్ అలాంటి కుర్చీల్లోనే కూర్చున్నారు. వాళ్ళ ఉత్తరాలు సంపుటాలుగా వచ్చాయి. మేయర్లుగా, చైర్‌పర్సన్లుగా, కౌన్సిలర్లుగా చేసిన ఆడవాళ్ళవి అలా ఎన్ని వచ్చాయి? మొదట్లో ఒకరిద్దరే ఉండేవారు. 1992 నాటి రాజ్యాంగ సవరణతో మునిసిపాలిటీల్లో మూడోవంతు సీట్లు మనవయ్యాయి. అప్పటినుంచి వేలమంది. వాళ్ళలో కొందరి సంతకాలు భర్తలే పెట్టారన్న ఎగతాళి ఒకటి ఊళ్ళలో నడుస్తూనే ఉంటుంది. కాదని రుజువు చేయాలన్నా, నిజమేనని ఒప్పుకోవాలన్నా ఆమె సొంత దస్తూరీతో రాసిన కాగితం కావాలి.

రికార్డులను కాపాడాలని 1993లో కేంద్రం చట్టం చేసింది గానీ అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు. మన కార్పొరేషన్ కాగితాలకు కాదు. ఇంటి ఉత్తరాలకైతే ఏ చట్టమూ లేదు, ఇల్లాలే చట్టం.

ఇంకో చిక్కు. 1962లో మేయరమ్మ కాగితం మీద రాశారు. 2009 తర్వాత వచ్చినవాళ్ళ మాటలు సగం ఫోన్లలో ఉన్నాయి. ఎస్సెమ్మెస్సులు, ఈమెయిళ్ళు, తర్వాత వాట్సాపులు. ఫోను పాడైతే ట్రంకుపెట్టె మొత్తం తగలబడినట్టే. ఊరి కాగితాలైతే చెదపురుగు తినడానికి పదేళ్ళు పడుతుంది, ఫోనుకి ఒక్క వర్షం చాలు. ముఖ్యమైన సంభాషణలు ఎప్పటికప్పుడు ప్రింటు తీయించి, తేదీ వేసి పెట్టుకోవడం చాదస్తమేమీ కాదు.

మీ ఇంట్లో మేయరు లేకపోవచ్చు. వార్డు మెంబరైన అత్తగారో, మహిళామండలి నడిపిన అమ్మమ్మో, యూనియన్లో తిరిగిన పిన్నిగారో ఉండి ఉంటారు. వాళ్ళ కాగితాలు అటక మీద రేకుల కింద పెట్టకండి, అక్కడి వేడికి కాగితం అప్పడమైపోతుంది. నేలమీదా వద్దు, చెమ్మ ఎక్కుతుంది. బీరువాలో మధ్య అరే మంచిది. గుండుసూదులు, క్లిప్పులు తీసేయండి, తుప్పు మరకలు పడతాయి. చిరిగినచోట సెల్లోటేపు అసలే అంటించొద్దు, కొన్నేళ్ళకు జిగురు పసుపుపచ్చగా ఇంకిపోయి అక్షరాల్ని కూడా తీసుకుపోతుంది. లామినేషన్ చేయిస్తే భద్రమనుకుంటాం గానీ, ఆ వేడిని కాగితం భరించలేదు, మళ్ళీ విప్పడమూ కుదరదు. ఉతికి ఆరేసిన పాత నూలు గుడ్డలో చుడితే చాలు. వానాకాలం వెళ్ళాక ఒకసారి తీసి నీడలో గాలి తగలనివ్వండి, ఎండలో మాత్రం వద్దు. మధ్యలో వార్తాపత్రిక ముక్కలుంటే వేరుగా పెట్టండి, వాటి పసుపు పక్క కాగితానికి అంటుతుంది.

వరస మార్చకండి. ఆమె ఏ కట్టలో ఏది పెట్టుకుందో దానికీ ఒక అర్థం ఉంటుంది. 'చిన్నక్క' అంటే ఎవరో, 'డాక్టరుగారు' అంటే ఎవరో తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, విడి కాగితం మీద పెన్సిల్‌తో రాసి జతచేయండి. పోట్లాట ఉత్తరాలు, అప్పుల ఉత్తరాలు పరువు తక్కువని చింపేయాలనిపిస్తుంది. ఒక కవర్లో పెట్టి 'ఇప్పుడు చూడవద్దు' అని పైన రాస్తే సరిపోతుంది కదా. ఇచ్చేయాలనుకుంటే ముందు ఫోనుతో ఫోటోలు తీసుకుని, ఆర్కైవ్స్‌లోనో యూనివర్సిటీ లైబ్రరీలోనో తీసుకుంటారేమో అడగండి. ఇచ్చినదానికి జాబితా రాయించి సంతకం పెట్టించుకోండి.

కవర్లు పారేయకండి. తేదీ వేయని ఉత్తరానికి పోస్టాఫీసు ముద్రే సాక్ష్యం. ఇక నీలంరంగు ఇన్‌లాండ్ లెటరు విప్పేటప్పుడు జాగ్రత్త. చెప్పాల్సిందంతా చెప్పేశాక, చోటు చాలక, జిగురు అంచు పక్కన అడ్డంగా రెండు లైన్లు ఇరికిస్తారు చూడండి, ఆ లైన్ల దగ్గరే కత్తెర తప్పిపోతుంటుంది.