రక్తపు క్యాన్సరు రోగికి నోటి రక్షణ



దంతధావనమును నిత్యవిధులలో చేర్చిన పెద్దలు మనవారు. అయితే ఒక రోగియెడల ఈ నిత్యవిధియే ప్రాణరక్షణ మగుచున్నది. చేయు రీతి మాత్రము మార్చుకొనవలసియున్నది. లుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు కలిగి, కీమోథెరపీ యను మందుల చికిత్స పొందుచున్నవాడు ఆ రోగి. నేను వైద్యుడను గాను; బడిపంతులుగా నుండి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యశాస్త్రము తేల్చిన విషయమును తేటపఱచుటయే నా పని.

1683లో హాలెండు దేశస్థుడగు లీవెన్‌హుక్ తన పండ్లపాచిని భూతద్దముతో పరీక్షించి, అందు చలించు సూక్ష్మజీవులను గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. మనుష్యుల నోళ్లలో ఇట్టివి సుమారు 700 జాతులు కలవని నేడు తెలియుచున్నది. వీనిలో పెక్కు మనకు శత్రువులు కావు. పైరు దట్టముగా నున్న చేనిలో కలుపు తలయెత్తలేనట్లు, ఈ జాతులు హానికరములైన వానిని పెరుగనీయవు. నోటిలోపలి పలుచని పొర చెఱువుగట్టు వలెను, రక్తమందలి తెల్లకణములు కావలివారివలెను మనలను కాపాడుచుండును.

లుకేమియాయందు ఎముకల మూలుగలో పనికిరాని కణములు పెరిగి, మంచి తెల్లకణములకు చోటు లేకుండ చేయును. చికిత్సకై యిచ్చు మందులు వేగముగా పెరుగు కణములను చంపును. మూలుగలోని మంచికణములును, నోటిపొర కణములును వేగముగా పెరుగునవే గనుక అవియు నశించును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల ఫలముగా అమినోప్టెరిను అను మందు వెలువడెను. దానిచే పిల్లల లుకేమియా తాత్కాలికముగా శమించినట్లు 1948లో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ప్రాణము నిలుపు ఆ మందే నోట పుండ్లను గూడ పుట్టించును.

మందు పుచ్చుకొనిన సుమారు వారము దినములకు నోరు పూయును. తెల్లకణములును ఇంచుమించు ఆ దినములందే అడుగంటును. వానిలో ముఖ్యములైన న్యూట్రోఫిలులు ఘన మిల్లీమీటరు రక్తమునకు 500 కంటె తగ్గినచో అపాయము మిక్కుటము. గట్టునకు గండిపడినది, కావలి లేదు. అంతవఱకు సాధువులై యుండిన స్ట్రెప్టోకోకస్ జాతులే పుండ్లగుండ రక్తమున జొచ్చును. సూక్ష్మజీవులను చంపు మందులు మంచి జాతులను గూడ పలుచన చేయుటచే, కాండిడా అను బూజు నోట తెల్లగా పేరుకొనును.

ఇచట ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. చీము అనునది చాలవఱకు చచ్చిన తెల్లకణములే. అవి లేనిచోట చీము పట్టదు, వాపును అంతగా కనబడదు. కావున “నోరు బాగుగనే యున్నది గదా” యని నమ్మరాదు. జ్వర మొక్కటే ఆనవాలు కావచ్చును. వేడి 100.4 డిగ్రీలకు చేరినచో, రాత్రియని చూడక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. జ్వరపుమాత్ర వేసి తెల్లవారువఱకు చూత మనుకొనిన, ఆ ఒక్క ఆనవాలును చెరిగిపోవును. ప్రాణమునకే ముప్పు రావచ్చును.

మన యిండ్లలో పెద్దలు ప్రేమతో వేపపుల్ల నందింతురు. ఈ రోగికి అది తగదు. పుల్ల చిగుళ్లను గీయును. నెత్తురును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు తగ్గియుండుటచే ఆ నెత్తురు సులభముగా ఆగదు. బొగ్గుపొడియు ఇట్టిదే. మిక్కిలి మెత్తని కుంచె గల బ్రష్షు వాడవలయును. కాచి చల్లార్చిన నీటిలో వైద్యుడు చెప్పిన కొలతతో ఉప్పును వంటసోడాను కలిపి, దినమునకు పలుమాఱులు పుక్కిలింపవలయును. కట్టుడుపండ్లను రాత్రి తీసివేయవలయును. పొగాకు, సున్నముతోడి తాంబూలము, మితిమీరిన కారము వర్జింపవలయును. పుచ్చిన పన్నున్నచో చికిత్సకు ముందే దంతవైద్యునికి చూపవలయును, ఇంటిలో పెరికివేయరాదు.

చికిత్స పొంది యిల్లు చేరిన రోగి యున్నచోట, జ్వరమానిని దగ్గఱ నుంచుడు. రాత్రివేళ బండి కట్టుకొని వచ్చువా రెవ్వరో, ఏ ఆసుపత్రికి పోవలయునో పగటివేళనే నిశ్చయించుకొనుడు. సెలవు.