నర్సింగ్ నాయకత్వ శైలులు - రోగుల ప్రాథమిక సేవలు

ఆసుపత్రిలో నర్సుల పనిని నడిపించేవారు అనుసరించే తీరును నర్సింగ్ నాయకత్వ శైలి అంటారు. వార్డు స్థాయిలో హెడ్ నర్సు, ఆపై స్థాయిలో నర్సింగ్ సూపరింటెండెంటు ఈ బాధ్యత వహిస్తారు. రోగికి మంచినీళ్ళు అందించడం, అన్నం తినిపించడం, ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు మార్చడం, కదలలేనివారిని పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పిలిస్తే పలకడం మొదలైనవి ప్రాథమిక సేవలు. మందు ఇవ్వకపోతే కేస్ షీటులో ఖాళీ కనిపిస్తుంది. దాహమన్న రోగికి నీళ్ళు అందించకపోతే చాలాసార్లు ఏ కాగితంలోనూ కనిపించదు. అందువలన పని ఒత్తిడి పెరిగినపుడు ముందుగా వెనుకబడేవి ఈ సేవలే.

శైలులు

నాయకత్వాన్ని నిరంకుశ, ప్రజాస్వామిక, జోక్యరహిత శైలులుగా విభజించి పరిశీలించినవారు కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్. 1939లో ప్రచురితమైన వీరి ప్రయోగం ఆసుపత్రిలో కాక, అమెరికాలోని అయోవాలో బాలుర బృందాలపై జరిగింది. నిరంకుశ నాయకుడు ఎదుట ఉన్నంతసేపు పిల్లలు బాగానే పనిచేశారు, ఆయన గది దాటగానే పని పడిపోయింది. ప్రజాస్వామిక బృందంలో మాత్రం పని దాదాపు అలాగే సాగింది. రాత్రి డ్యూటీలో హెడ్ నర్సు ఉండని వార్డుకు ఈ ఫలితం ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

ఫ్లారెన్స్ నైటింగేల్ అంతకు 80 ఏళ్ళ ముందే, 1859లో వెలువడిన "నోట్స్ ఆన్ నర్సింగ్" పుస్తకంలో, ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించింది. తాను ఉన్నపుడు జరిగే పని తాను లేనపుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడమే బాధ్యత వహించడమని ఆమె భావన. ఇది మంచితనానికి కాక ఏర్పాటుకు సంబంధించిన విషయమని ఆమె గుర్తించడం విశేషం.

జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ 1978లో, బెర్నార్డ్ బాస్ 1985లో వివరించిన పరివర్తనాత్మక నాయకత్వం నర్సింగ్ పాఠ్యపుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. అయితే గుండె ఆగిన రోగి దగ్గర చర్చకు తావులేదు, అక్కడ ఆజ్ఞాపించే శైలే సరైనది.

స్టాఫర్డ్ ఆసుపత్రి ఉదంతం

ఇంగ్లాండులోని స్టాఫర్డ్ ఆసుపత్రిని నడిపిన ట్రస్టు 2006-07లో కోటి పౌండ్లు ఆదా చేయాలని నిర్ణయించి, 150కి పైగా ఉద్యోగాలను తగ్గించింది. అత్యవసర విభాగంలో రోగులను 4 గంటలలోగా చూసి పంపాలన్న ప్రభుత్వ లక్ష్యం కూడా ఉండేది. గడువు దాటితే ఉద్యోగం పోతుందని నర్సులు భయపడ్డారు. వార్డులలో నీళ్ళు, భోజనం రోగుల చేతికి అందని దూరంలో ఉండిపోయాయి. మలమూత్రాలతో తడిసిన పక్కలపైనే కొందరు గంటల తరబడి పడి ఉన్నారు. తల్లిని అక్కడ పోగొట్టుకున్న జూలీ బెయిలీ వంటి బంధువుల పోరాటం వలన, 2009లో హెల్త్‌కేర్ కమిషన్ నివేదిక వలన ఇది బయటపడింది.

రాబర్ట్ ఫ్రాన్సిస్ అధ్యక్షతన జరిగిన బహిరంగ విచారణ 2013 ఫిబ్రవరిలో 290 సిఫారసులు చేసింది. వార్డు నర్స్ మేనేజర్లు కార్యాలయ గదికి పరిమితం కాకుండా, వార్డులో తిరుగుతూ పర్యవేక్షించాలన్నది వాటిలో ఒకటి. లోపాలు చెప్పినవారిని వేధించే వాతావరణాన్ని కూడా ఆయన తీవ్రంగా విమర్శించారు. నివారించదగిన మరణాలు ఇన్ని అని పత్రికలలో వచ్చిన సంఖ్యలను మాత్రం ఆయన నిర్ధారించలేదు.

పరిశోధనలు, పరిమితులు

కెనడా పరిశోధకులు కారల్ వాంగ్, గ్రెటా కమింగ్స్ తదితరులు 2013లో చేసిన సమీక్షలో, సిబ్బందితో సత్సంబంధాలు నెరపే నాయకత్వం ఉన్నచోట రోగుల సంతృప్తి ఎక్కువగా, మందుల పొరపాట్లు తక్కువగా కనిపించాయి. ఇవి ఎక్కువగా సంబంధాన్ని చూపే అధ్యయనాలే గాని కారణాన్ని నిరూపించేవి కావు. నాయకత్వం ఎంత మంచిదైనా చేతులు చాలకపోతే ప్రయోజనం పరిమితమే. పెన్సిల్వేనియాలో లిండా ఐకెన్ బృందం 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒక్కో నర్సుకు ఒక రోగి అదనమైతే శస్త్రచికిత్స రోగులలో 30 రోజులలోపు మరణావకాశం 7 శాతం పెరిగింది.

భారతదేశంలో

బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు, సాధారణ ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఆచరణలో ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది తరచు అందడం లేదు. హెడ్ నర్సు సమయంలో పెద్దభాగం ఇండెంట్లకు, దుప్పట్ల లెక్కకు, డ్యూటీ చార్టుకు పోతుంది. తెలుగు రాష్ట్రాలలోనూ రోగికి తినిపించడం, తుడవడం, బాత్రూముకు తీసుకువెళ్ళడం సాధారణంగా వెంట వచ్చిన బంధువుల పని. కనుక వార్డు నిర్వహణలోని లోపం ఇక్కడ సులభంగా కంటపడదు. 2020-21లో కోవిడ్ వార్డులలోకి సాధారణంగా బంధువులను అనుమతించకపోవడంతో, ఈ పనులన్నీ ఒక్కసారిగా నర్సులపైన, వార్డు సిబ్బందిపైన పడ్డాయి.